ఉప్పునీటి అక్వేరియంలో బుల్లి చేపలు: పక్కన ఎవరుంటే బతుకుతాయి?

క్లుప్తంగా: రెండు మూడు సెంటీమీటర్లకు మించి ఎదగని సముద్రపు చేపలకు తోడు వెతికేటప్పుడు "సాధువు", "కోపిష్టి" అన్న ముద్రలు చాలవు. పొరుగు చేప నోరు ఎంత తెరుచుకుంటుంది, మేతను ఎంత వేగంగా ఖాళీ చేస్తుంది, తొట్టిలో ఏ చోటును తనదనుకుంటుంది అన్నవి చూడాలి. ఈ మూడింటిలో మేత సంగతినే ఎక్కువమంది పట్టించుకోరు.

ఉప్పునీటి అక్వేరియం పెట్టినవారి నోట తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. బుల్లి గోబీ చేపలను తెచ్చి వేశారు, రెండు రోజులు రాళ్ల మధ్య కనిపించాయి, వారం తిరిగేసరికి ఒక్కటీ లేదు. చచ్చిన చేప కూడా దొరకదు. దొరక్కపోవడంలో వింత లేదు. వేలి గోరంత దేహాన్ని హెర్మిట్ పీతలు, ఇసుకలోని పురుగులు కలిసి కొన్ని గంటల్లోనే తినేస్తాయి. ఆనవాలు మిగలదు కాబట్టే ఈ విషయంలో ఒకరి సలహాకూ మరొకరి సలహాకూ పొంతన ఉండదు. కొందరు నీటిని అనుమానిస్తారు, కొందరు రోగాన్ని, మరికొందరు అమ్మినవారిని. అదే తొట్టిలో దర్జాగా తిరుగుతున్న క్లౌన్ చేపల జంట మీదికి ఎవరి చూపూ పోదు. వాటికి సాధు చేపలని పేరు.

ఏ చేప దేనితో కలుస్తుందో చెప్పే పట్టికలు దుకాణాల గోడల మీదా ఇంటర్నెట్‌లోనూ కనిపిస్తాయి. వాటిలో గోబీకీ క్లౌన్‌కూ ఎదురుగా ఉండే గడిలో పచ్చ గుర్తే ఉంటుంది. పట్టిక చెప్పేది అబద్ధం కాదు. అది చేపలను కుటుంబాలుగా కలిపేసి చెబుతుంది, అక్కడే తేడా వస్తుంది. ఇసుకను నోటితో జల్లించి తినే 15 సెంటీమీటర్ల డైమండ్ గోబీ, 2 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయే ఈవియోటా గోబీ ఒకే గడిలో ఉంటాయి. మొదటిదానికి నిజమైన మాట రెండోదానికి ప్రాణాంతకం కావచ్చు.

పొడవు 4 రెట్లు, బరువు 64 రెట్లు

మన గోదావరి, కృష్ణా తీరాలవారు ఇష్టంగా వండుకునే ఇసుక దొందులు కూడా గోబీల బంధువర్గానివే. సముద్రంలో ఈ వర్గం మరీ చిన్న రూపాల దాకా వెళ్లింది. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల దగ్గర దొరికిన ట్రిమ్మటామ్ నానస్ అనే గోబీ పూర్తిగా ఎదిగినా సుమారు సెంటీమీటరే ఉంటుంది. 1981లో శాస్త్రవేత్తలు దాన్ని వర్ణించిన తర్వాత కొన్నేళ్లపాటు వెన్నెముక ఉన్న జీవుల్లో అతి చిన్నదిగా దానికి పేరుండేది. అక్వేరియం వ్యాపారంలో దొరికే ట్రిమ్మా, ఈవియోటా గోబీలు అంతకన్నా కాస్త పెద్దవి, రెండు మూడు సెంటీమీటర్లుంటాయి.

పక్కపక్కన చూస్తే 8 సెంటీమీటర్ల క్లౌన్ చేప, 2 సెంటీమీటర్ల గోబీ రెండూ "చిన్న చేపలే" అనిపిస్తాయి. పొడవులో తేడా నాలుగు రెట్లు. కానీ ఎత్తు, మందం కూడా అదే లెక్కన పెరుగుతాయి కాబట్టి బరువులో తేడా దాదాపు 64 రెట్లకు చేరుతుంది. ఆ బరువున్న చేప తోక ఒక్కసారి విసిరితే లేచే కెరటానికే గోబీ రాయి మీది నుంచి జారిపోతుంది. తొట్టి లీటర్లను బట్టి చేపల సంఖ్య లెక్కగట్టేవారు ఈ నిష్పత్తిని లెక్కలోకి తీసుకోరు. తక్కిన విషయాలన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నా సరే.

మరో సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. కనిపించకుండా పోయిన ప్రతి బుల్లి చేప విషయంలోనూ పొరుగు దోషి కాకపోవచ్చు. ఆస్ట్రేలియాలోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గ్రేట్ బారియర్ రీఫ్‌లో దొరికే ఈవియోటా సిగిలాటా అనే గోబీ గరిష్ఠ ఆయుష్షు 59 రోజులేనని 2005లో తేల్చారు. వెన్నెముక ఉన్న జీవుల్లో నమోదైన అతి తక్కువ ఆయుష్షు ఇదే. ఆ 59 రోజుల్లో మూడు వారాలు పిల్ల దశలో నడి సముద్రంలోనే గడిచిపోతాయి. ఈ వర్గంలోని మరికొన్ని చేపల జీవితం కూడా నెలల్లో లెక్కపెట్టదగ్గదే. దుకాణంలో రంగులు తేలి కనిపించే ఈవియోటా అప్పటికే నడివయసు దాటి ఉండవచ్చు. ట్రిమ్మా గోబీలు, నియాన్ గోబీలు అంతకంటే ఎక్కువ కాలం బతుకుతాయి కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు వాటిని ఎంచుకోవడం సబబు.

నోరు ఎంత తెరుచుకుంటుంది

పగడపు దిబ్బల మీద బుల్లి చేపల పాత్ర ప్రధానంగా ఆహారం కావడమే. దిబ్బల మీద ఇతర జీవులు తినే చేప మాంసంలో దాదాపు 60 శాతం రాళ్ల సందుల్లో దాగి బతికే ఇలాంటి చిన్న చేపల నుంచే వస్తుందని 2019లో సైన్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి తొట్టిలో పెద్ద చేప చిన్న చేపను మింగినప్పుడు దాని స్వభావం చెడిందని అనుకోనక్కర్లేదు. కోట్ల ఏళ్లుగా చేస్తున్న పనినే అది చేసింది.

చాలా చేపలు ఎరను కొరికి ముక్కలు చేయవు. దవడలను ఒక్కసారిగా ముందుకు చాచి, నోటి లోపలి ఖాళీని పెంచి, నీటితో సహా ఎరను లోపలికి లాగేసుకుంటాయి. ఈ పనికి కప్ప చేపలకు సెకనులో వందో వంతు కూడా పట్టదు. ఇలా మింగే చేపకు ఎర పొడవు పెద్ద అడ్డంకి కాదు, వీపు నుంచి పొట్ట దాకా ఉండే ఎత్తు అడ్డంకి. 3 సెంటీమీటర్ల ట్రిమ్మా గోబీ ఎత్తు ఆరేడు మిల్లీమీటర్లే. నోరు 8 మిల్లీమీటర్లు తెరవగలిగిన ఏ చేపకైనా అది తల వైపు నుంచి సులువుగా దిగిపోతుంది. అదే పొడవున్న డామ్సెల్ చేప పిల్ల బిళ్లలా వెడల్పుగా ఉంటుంది, వీపు మీద గట్టి ముళ్లుంటాయి. దాన్ని మింగలేని చేప కూడా గోబీని మింగగలదు. "నా తొట్టిలో 3 సెంటీమీటర్ల డామ్సెల్ క్షేమంగానే ఉంది, గోబీకి ఏమవుతుంది" అనే వాదన ఇక్కడే తప్పుతుంది.

ఈ లెక్కన లయన్ ఫిష్, గ్రూపర్, కప్ప చేప లాంటివి పనికిరావని వేరుగా చెప్పనక్కర్లేదు. అనుమానించాల్సినవి వాటి తర్వాతి వరుసలో, పది సెంటీమీటర్లలోపు పొడవుతో, ముచ్చటైన రంగులతో ఉంటాయి. హాక్ ఫిష్ వీటిలో ఒకటి. రాయి అంచున కదలకుండా కూర్చుని కళ్లు తిప్పుతూ ఉంటుంది కాబట్టి బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. అలా కూర్చోవడం దాని వేట పద్ధతి. కింద ఇసుక మీదుగా చిన్న రొయ్యో గోబీయో దాటిన క్షణంలో దూకి పట్టేస్తుంది.

డాటీబ్యాక్‌లు ఇంకా తెలివైనవి. డస్కీ డాటీబ్యాక్ తన చుట్టూ ఉన్న డామ్సెల్ చేపలు పసుపు రంగులో ఉంటే పసుపుకూ, గోధుమ రంగులో ఉంటే గోధుమకూ తన ఒంటి రంగును మార్చుకుంటుందని 2015లో పరిశోధకులు చూపించారు. రంగు కలిసినప్పుడు డామ్సెల్ పిల్లలకు అది వేటాడే చేపలా కనిపించదు, దాంతో వేట బాగా ఫలిస్తుంది. చేప పిల్లలను పట్టడంలో ఇంతటి నేర్పున్న వర్గాన్ని వేలెడంత ఉందన్న ఒక్క కారణంతో గోబీల తొట్టిలో వేయడం తెలిసి చేసే తప్పే. దుకాణాల్లో తరచూ కనిపించే సిక్స్‌లైన్ రాస్ కూడా ఇలాంటిదే. మొదటి నెలల్లో రాళ్ల సందులు వెతుక్కుంటూ తన పని తాను చూసుకుంటుంది. తొట్టి తనదని రూఢి అయ్యాక కొత్తగా వచ్చిన ప్రతి చిన్న చేప వెంటా పడుతుంది.

దీపం ఆర్పాక

తొట్టిలో ఎవరు ఎవరితో ఎలా ఉన్నారో చూసేవారు పగలే చూస్తారు. బుల్లి చేపలకు అసలు గండం రాత్రి.

కార్డినల్ చేపలను తీసుకుందాం. బంగాయ్ కార్డినల్ నెమ్మదిగా తేలుతూ ఎవరి జోలికీ పోకుండా ఉంటుంది కాబట్టి దాదాపు ప్రతి జాబితాలోనూ దానికి మంచి పేరుంది. కార్డినల్ చేపల్లో మగది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. ఒంటి పొడవుతో పోలిస్తే నోరు పెద్దది. ఈ వర్గంలో చాలావాటికి చీకటి పడ్డాకే మేత వేళ. 3 సెంటీమీటర్లు దాటిన గోబీకి వీటివల్ల భయం తక్కువ, సెంటీమీటరున్నర ఈవియోటాకు మాత్రం గ్యారంటీ లేదు.

వెన్నెముక లేని జీవుల్లో మరో మూడింటిని గుర్తుపెట్టుకోవాలి. ఎరుపు తెలుపు చారల పెద్ద గోళ్ల రొయ్య, అంటే కోరల్ బ్యాండెడ్ రొయ్య, పగలు రాతి కింద తలకిందులుగా వేలాడుతుంది, రాత్రి తిరుగుతూ నిద్రలో ఉన్న చిన్న చేపలను గోళ్లతో పట్టగలదు. అడుగున అంటుకుని బతికే పువ్వులాంటి జీవి కార్పెట్ అనిమోన్ తన మీదికి వచ్చి పడిన చేపను జిగట స్పర్శకాలతో పట్టేస్తుంది. దాని కాటు నుంచి క్లౌన్‌కు ఉన్న రక్షణ గోబీకి లేదు.

మూడోది నక్షత్ర చేపలకు బంధువైన ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్, దీని వేట పద్ధతి దగ్గరగా చూడదగ్గది. దీపాలు ఆరాక అది ఐదు చేతుల కొనల మీద లేచి, నడిమి బిళ్లను పైకెత్తి, కింద చిన్న గుహలాంటి ఖాళీ చేస్తుంది. ఆపైన కదలదు. రాత్రి తలదాచుకునే సందు కోసం వెతికే బుల్లి చేప ఆ నీడలోకి దూరుతుంది. చేతులు మెలికపడి మూసుకుంటాయి, బిళ్ల కిందికి దిగుతుంది. రాళ్ల మీది చెత్త తిని శుభ్రం చేస్తుందని చెప్పి అమ్మే జీవి ఇది. పూర్తిగా ఎదిగితే చేతులతో కలిపి అడుగుకు పైగా వ్యాపిస్తుంది.

రాళ్లతోపాటు తెలియకుండా వచ్చేవీ ఉంటాయి. మాంటిస్ రొయ్య, పెద్ద దవడల పురుగులు ఇలాంటివే. రాత్రివేళ తొట్టి నుంచి టకటకమని చప్పుడు వస్తుంటే ఎర్ర కాంతి లైటు పట్టుకుని రాళ్లను పరిశీలించాలి. ఆ చప్పుడు హాని తక్కువైన పిస్టల్ రొయ్యదీ కావచ్చు.

ఆకలి

ఎవరూ మింగకపోయినా, తరమకపోయినా బుల్లి చేపలు నెల తిరిగేసరికి పోవడానికి తరచూ కారణం ఇదే. దీన్ని అర్థం చేసుకుంటే తోటి చేపల ఎంపిక చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

జంతువుల్లో దేహం చిన్నదయ్యే కొద్దీ గ్రాము బరువుకు ఖర్చయ్యే శక్తి పెరుగుతుంది. బరువు పదహారో వంతుకు తగ్గితే గ్రాముకు ఖర్చు స్థూలంగా రెట్టింపు దరిదాపులకు చేరుతుంది. బుల్లి చేప పొట్టలో నిల్వ ఉంచుకోగలిగేది కొంచెమే, కొవ్వు నిల్వలూ తక్కువే. పెద్ద చేప రెండు రోజులు పస్తు ఉన్నా తట్టుకుంటుంది. గోబీ రోజుకు అనేకసార్లు, ప్రతిసారీ కొంచెం కొంచెం తినాలి. ఆ తిండి దాని నోట్లో పట్టేంత సన్నగానూ ఉండాలి. ఆర్టీమియా అనే ఉప్పునీటి బుల్లి రొయ్యల అప్పుడే పొదిగిన పిల్లలు అర మిల్లీమీటరు లోపే ఉంటాయి కాబట్టి సరిపోతాయి. నలుసంత ఉండే రొయ్యల బంధువులు కోపిపాడ్‌లు ఇంకా మంచివి. అందరూ వాడే గడ్డకట్టించిన మైసిస్ రొయ్యలు అర సెంటీమీటరు, ఆపైన ఉంటాయి. 2 సెంటీమీటర్ల గోబీ వాటిని నోట కరుచుకుని వదిలేస్తుంది.

ఇక మేత వేసిన క్షణంలో ఏం జరుగుతుందో చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. గొట్టంతో ఆర్టీమియా పిల్లలను నీటిలోకి వదలగానే క్లౌన్ చేపలు, క్రోమిస్ అనే డామ్సెల్ రకం చేపలు ఆ నారింజ రంగు మబ్బులోకి దూసుకుపోయి వరసగా మింగుతూ పోతాయి. ట్రిమ్మా గోబీ ఆ మబ్బు దగ్గరికి పోదు. తను కూర్చున్న రాయికి అంగుళం ఎడంగా పైకి లేచి, ప్రవాహంలో కొట్టుకొచ్చే ఒక్కో నలుసునూ చూసి, ఒకటి అందుకుని, వెంటనే మళ్లీ రాయి మీదికి చేరుతుంది. మళ్లీ లేస్తుంది. ప్రవాహంలో తిండి పదిహేను నిమిషాలు నిలిస్తే దాని కడుపు నిండుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో నీరు ఖాళీ అయిపోతే అందేది నాలుగైదు నలుసులే. పెళ్లి బంతిలో మొదటి విస్తళ్లవారే గిన్నె ఖాళీ చేస్తే చివర కూర్చున్నవారి గతి ఏమిటో దానిదీ అదే.

మేత పెంచితే సరిపోతుందని అనిపించవచ్చు. పెంచిన మేతలో కూడా సింహభాగం వేగంగా తినే చేపలకే పోతుంది. అవి మరింత పెరుగుతాయి, మరింత తింటాయి. మిగిలింది కుళ్లి నీటిలో అమ్మోనియా, నైట్రేట్ పెరుగుతాయి. వాటి దెబ్బ చిన్న తొట్టిలో త్వరగా తగులుతుంది. కాబట్టి ఈ సమస్యకు తిండిగిన్నె పెద్దది చేయడం పరిష్కారం కాదు. నీటి మధ్యలో ఈదుతూ మేత మీదికి ఎగబడే చేపలను మొదటే తీసుకోకపోవడం, తీసుకుంటే ఒకటి రెండుకే పరిమితం కావడం తప్ప దారి లేదు.

సాధుత్వానికీ పొసగడానికీ మధ్య తేడాకు మాండరిన్ చేప చక్కని ఉదాహరణ. దానికన్నా మెతక చేప దొరకడం కష్టం. ఎవరినీ కరవదు, తరమదు, ఎదుటివారు మీదికొచ్చినా తప్పుకుంటుంది. కానీ అది పొద్దు పొడిచింది మొదలు దీపాలు ఆరేదాకా రాళ్ల మీది కోపిపాడ్‌లను ఒక్కొక్కటిగా ఏరుకు తింటూనే ఉంటుంది. 80 లీటర్ల తొట్టిలో పుట్టే కోపిపాడ్‌లు దానికొక్కదానికే చాలవు. వాటి మీదే ఆధారపడే గోబీలు పక్కన ఉంటే ముందు గోబీలు చిక్కిపోతాయి, తర్వాత అదీ చిక్కిపోతుంది. ఒక్క గొడవ కూడా జరగకుండానే తొట్టి ఖాళీ అవుతుంది.

దీనికి భిన్నంగా, ముందు పళ్లతో రాళ్ల మీది పాచిని గీకి తినే చేప గోబీకి పోటీ కాదు. ఆరు సెంటీమీటర్లుండే టెయిల్‌స్పాట్ బ్లెన్నీ ఇలాంటిది. పరిమాణంలో గోబీకి రెండు మూడు రెట్లున్నా అది వెతికే తిండి వేరు. పరిమాణం ఒక్కటే కొలబద్ద కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

చోటు, వరస

డామ్సెల్ చేపలు చవక. ఉప్పునీటి తొట్టి పెట్టినవారికి మొట్టమొదట అంటగట్టేవి అవే. మూడు చారల డామ్సెల్, డామినో డామ్సెల్ పిల్లలుగా ఉన్నప్పుడు నాణెమంత ఉండి కళ్లకు ఇంపుగా కనిపిస్తాయి. దిబ్బ మీద ఒక్కో డామ్సెల్‌కు తన రాయి, తన హద్దు ఉంటాయి. తరిమిన చేప ఆ హద్దు దాటి పోతుంది, గొడవ అక్కడితో సరి. అక్వేరియంలో హద్దు దాటి పోవడానికి చోటుండదు. తరిమింపు మొదలైతే ఆగదు. చాటు నుంచి బయటికి రాలేని గోబీ మేతకు కూడా రాలేదు. భయం చివరికి ఆకలిగానే మారుతుంది.

క్లౌన్ చేపలు కూడా డామ్సెల్ కుటుంబానివే. ఒసెల్లారిస్ క్లౌన్ ఆ కుటుంబంలో మెత్తనిది, గూడు కట్టుకోనంత వరకు 100 లీటర్లు దాటిన తొట్టిలో 3 సెంటీమీటర్ల గోబీలతో సర్దుకుంటుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యాక ఆడ క్లౌన్ తొట్టిలో సగభాగాన్ని తనదిగా చేసుకుంటుంది. మెరూన్ క్లౌన్ సంగతి వేరు. అది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, దాన్ని ఈ లెక్కలోకే తీసుకోకూడదు.

ముందు వచ్చిన చేపకు చోటు మీద హక్కు వస్తుంది. ఇది తొట్టిలో మన చేతిలో ఉన్న అరుదైన సాధనం. అన్నిటికన్నా చిన్నవాటిని, పిరికివాటిని మొదట వేయాలి. అవి రాళ్ల సందులను ఎరిగి, మేత వేళకు ధైర్యంగా బయటికి రావడం అలవాటయ్యేదాకా రెండు మూడు వారాలు ఆగాలి. ఆ తర్వాతే పెద్దవాటిని తేవాలి. దురదృష్టవశాత్తూ చాలా ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ముందు పెద్దవి, రంగురంగులవి వస్తాయి. ఇంకా కాస్త ఖాళీ ఉందని చివర గోబీలు వస్తాయి.

ఒకే రకం చేపల మధ్య కూడా చిక్కులుంటాయి. ట్రిమ్మా గోబీలు చిన్న గుంపుగా ఉంటేనే బాగుంటాయి. వాటిలో కొన్ని జాతులు అవసరాన్ని బట్టి ఆడ నుంచి మగకు, మగ నుంచి ఆడకు రెండు వైపులా మారగలవు కాబట్టి జత కుదురుతుందా అన్న బెంగ తక్కువ. నియాన్ గోబీలు జంటగా సుఖంగా ఉంటాయి, మూడోదాన్ని చేరిస్తే దాన్ని వేధిస్తాయి. ఫైర్ ఫిష్ ఒక్కటైనా ఉండాలి, కుదిరిన జంటైనా ఉండాలి. అది బెదిరితే నీటిపైకి ఎగురుతుంది కాబట్టి తొట్టి మీద సన్నటి వల తప్పనిసరి.

ఎవరు సరిపోతారు

పైన చెప్పిన మూడు కొలబద్దలూ దాటి నిలిచేవి ఎక్కువ లేవు. 80 నుంచి 100 లీటర్ల తొట్టిలో నాలుగైదు ట్రిమ్మా గోబీలను కేంద్రంగా పెట్టుకుంటే వాటి పక్కన పాచి తినే టెయిల్‌స్పాట్ బ్లెన్నీ ఒకటి, నియాన్ గోబీల జంట ఒకటి చాలు. నియాన్ గోబీకి ఒక ప్రత్యేకత ఉంది. కరీబియన్ ప్రాంతపు ఈ చేప పెద్ద చేపల ఒంటి మీది పరాన్నజీవులను తిని శుభ్రం చేస్తుంది. అందుకే ఇతర చిన్న చేపలను మింగే చేపలు కూడా దాన్ని చాలావరకు వదిలేస్తాయి. ఇప్పుడు దొరికేవాటిలో చాలా భాగం హేచరీల్లో పుట్టినవే.

ఇసుక మీద యాషా గోబీ, రాండాల్ పిస్టల్ రొయ్య జంటను పెట్టుకోవచ్చు. చూపు మందగించిన రొయ్య రోజంతా బొరియ తవ్వుతుంది, గుమ్మంలో నిలబడి గోబీ కాపలా కాస్తుంది. రొయ్య తన మీసాన్ని గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. అపాయం కనిపించగానే గోబీ తోక అదిరిస్తుంది, ఇద్దరూ లోపలికి పోతారు. ఈ జంట ఎవరి తిండినీ లాక్కోదు, బొరియ దాటి దూరం పోదు. అయితే పిస్టల్ రొయ్యల్లో పెద్ద జాతులు గోరు మూసిన వేగానికి పుట్టే బుడగతో ఎరను స్పృహతప్పించగలవు కాబట్టి ఎరుపు తెలుపు చారల ఈ చిన్న జాతికే పరిమితం కావడం క్షేమం.

రొయ్యల్లో సెక్సీ రొయ్యగా పిలిచే రెండు సెంటీమీటర్ల జాతి పూర్తిగా నిరపాయం. స్కంక్ క్లీనర్ రొయ్య కూడా చేపలను తినదు, గోబీ దగ్గరి మేతను లాక్కునే అలవాటు మాత్రం ఉంది. నత్తలతో ఇబ్బంది లేదు. ఎమరాల్డ్ పీత చిన్నప్పుడు పాచి తింటుంది, పెద్దయ్యాక ఏది దొరికితే అది పట్టుకోవచ్చు.

కొత్తగా తెచ్చిన ఏ చేపనైనా వేరే తొట్టిలో ఉంచి చూశాకే కలపాలి. తెల్ల మచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్ పరాన్నజీవి ఒక్క చేపతో వచ్చినా తొట్టంతా పాకుతుంది. దానికి వాడే రాగి మందు రొయ్యలను, నత్తలను చంపుతుంది కాబట్టి అసలు తొట్టిలో వేయలేరు. చేపలన్నిటినీ బయటికి తీసి పది వారాలకు పైగా తొట్టిని చేపలు లేకుండా ఉంచాల్సి వస్తుంది. రాళ్లలో దూరిన గోబీలను పట్టి బయటికి తీయడం ఎంత కష్టమో ఆ పని చేసినవారికి తెలుసు. ఫిల్టరు నీరు లాగే చోట స్పాంజి తొడగడం కూడా మరవకూడదు.

మన దగ్గర ఎండ, చట్టం

విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో నీటిని చల్లబరిచే యంత్రం (చిల్లర్) లేని తొట్టి నీరు 30 డిగ్రీలు దాటడం మామూలే. పగడపు దిబ్బల చేపలకు 25, 26 డిగ్రీలు అనువు. నీరు వేడెక్కితే అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, చేప దేహానికి తిండి అవసరం పెరుగుతుంది. అంటే పైన చెప్పిన ఆకలి సమస్య వేసవిలో మరింత ముదురుతుంది. ఎరుపు, నీలం చారల కాటలీనా గోబీ మెరుపు చూసి కొనేవారున్నారు. కాలిఫోర్నియా తీరపు చల్లని నీటి చేప అది, 20 డిగ్రీల దరిదాపుల్లో బతికేది. మన వాతావరణంలో దానికి తోడు ఎవరన్న ప్రశ్నే రాదు.

ఆవిరి మరో బెడద. 40 లీటర్ల తొట్టిలో రెండు లీటర్లు ఆవిరైతే ఉప్పు అక్కడే మిగిలి, వెయ్యికి 35 పాళ్లుగా ఉన్నది దాదాపు 37కు చేరుతుంది. 400 లీటర్ల తొట్టిలో అదే రెండు లీటర్లు పోయినా తేడా కనిపించదు. బుల్లి చేపలకు బుల్లి తొట్టి చాలనే నమ్మకాన్ని ఈ ఒక్క లెక్క తప్పని చూపిస్తుంది.

విదేశీ పుస్తకాలు, వీడియోలు చూసి ఎంచుకునేవారు చట్టాన్ని కూడా గమనించాలి. చిన్న తొట్టికి అనువైనదిగా అమెరికాలో పేరున్న రెండున్నర సెంటీమీటర్ల మరుగుజ్జు సీ హార్స్‌ను అక్కడ విడిగా, ఇతర చేపలు లేకుండా పెంచుతారు. మన దేశంలో సీ హార్స్‌లను, దిబ్బలు కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన సముద్రాల నుంచి వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. కొమ్మల పగడాల నడుమ బతికే క్లౌన్ గోబీ లాంటి చేపలను ఎంచుకునేముందు దీన్ని గుర్తుంచుకోవాలి. పగడం లేని తొట్టిలో వాటికి చోటు ఏదో ఆలోచించాలి. సందులు ఎక్కువున్న రాళ్లు, పింగాణీతో చేసిన కొమ్మలు కొంతవరకు పనికొస్తాయి.

చేపల విషయంలో మాత్రం మంచి దారి ఉంది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్, డామ్సెల్ చేపల్లో పలు జాతులను హేచరీలో పుట్టించే పద్ధతులను రూపొందించింది. అలా పుట్టినవి తయారుచేసిన మేతకు అలవాటుపడి ఉంటాయి. బంగాయ్ కార్డినల్‌ను కూడా హేచరీలో పుట్టిందే కొనాలి. ఇండోనేషియాలోని కొన్ని దీవుల చుట్టూ మాత్రమే బతికే ఆ చేపను 2007లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) అంతరించే ప్రమాదమున్నవాటి జాబితాలో చేర్చింది. అక్వేరియం వ్యాపారం కోసం విపరీతంగా పట్టడం అందుకు ముఖ్య కారణం.

పొసగనప్పుడు

గోబీ రెక్కలు చిరగడం ఆలస్యంగా కనిపించే గుర్తు. అంతకుముందే కనిపించేవి రెండు. మేత వేళకు అది రాతి అంచు దాకా వచ్చి ఆగిపోతుంది, పొట్ట భాగం లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. మొదటిది కనిపిస్తే పొరుగు భయపెడుతోందని, రెండోది మాత్రమే కనిపిస్తే మేత అందడం లేదని అర్థం. మేత అందకపోతే ప్రవాహం నెమ్మదించి, సన్నని గొట్టంతో గోబీ కూర్చునే చోటికే ఆర్టీమియాను చేర్చి చూడవచ్చు. పెద్ద చేపలకు తొట్టి రెండో కొసన అదే సమయంలో వేరే మేత వేయాలి.

భయమే కారణమైతే బయటికి తీయాల్సింది పెద్ద చేపనే. గోబీ కోసం రాళ్లన్నీ కదిలిస్తే అన్ని చేపలూ బెదిరిపోతాయి. పెద్దది మేతకు ముందుకొస్తుంది కాబట్టి లోపల మేత పెట్టిన సీసా ఉచ్చుకు తేలిగ్గా చిక్కుతుంది. దాన్ని చిల్లుల పెట్టెలో పెట్టి అదే తొట్టిలో వారం రోజులు వేలాడదీస్తే, ఈలోగా గోబీలు దాని చోటులోకి విస్తరిస్తాయి. కొన్ని రాళ్ల అమరిక మార్చి తిరిగి వదిలినప్పుడు అది కొత్తగా వచ్చిన చేపలాగే మొదలుపెడుతుంది. రెండోసారీ తరమడం మానకపోతే దాన్ని దుకాణానికో, పెద్ద తొట్టి ఉన్నవారికో ఇచ్చేయాలి.